నీలం వైరు మీద సావళ్ళు

నాకు అక్షరాలు నలభై రెండో ఏట వచ్చాయి. అంతకుముందు గాజువాకలో బస్సెక్కాలంటే పక్కనున్నవాళ్ళను అడగాలి, లేదంటే కండక్టరు కేక కోసం చెవులు రిక్కించుకుని నిలబడాలి. తొంభైల్లో మా వీధిలో పెద్దవాళ్ళకు సాయంత్రాలు చదువు చెప్పే కేంద్రం పెట్టారు. వంట తొందరగా కానిచ్చి, పలక కొంగు చాటున పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఏడాదిన్నర పట్టింది. ఇక అప్పటినుంచి కంటికి కనబడిన రాత చదవకుండా ఉండలేకపోయేదాన్ని. సబ్బు కాగితం, మందు సీసా, లారీ వెనక రాతలు, ఏదీ వదిలేదాన్ని కాదు. అంకెలైతే మరీ ఇష్టం. అవి అక్షరాలకన్నా తొందరగా లొంగాయి.

సీతమ్మధారలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర ఆయాగా చాలా ఏళ్ళు చేశాను. గదులు తుడవడం, వచ్చినవాళ్ళకు నంబరు చీటీలివ్వడం, ఏడ్చే పిల్లల్ని తూకం బల్ల మీద పడుకోబెట్టడం నా పని. గేటు దగ్గర కాపలాకు ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనది తగరపువలస అవతల ఒక పల్లె. పొలంలో వంగి పనిచేసే ఓపిక తగ్గాక ఈ కొలువులో చేరాడు. అరవై దాటాయి. భార్యకు కీళ్ళనొప్పులు, ఆవిడ మందులన్నీ డాక్టరమ్మే రాసిచ్చేది. నన్ను సెల్లీ అని పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. మధ్యాహ్నం మెట్ల కింద క్యారేజీలు విప్పుకుని కూరలు మార్చుకునేవాళ్ళం.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. ఒక మధ్యాహ్నం గేటు ముందు పెట్టిన స్కూటరు ఒకటి పోయింది. ఆ సమయానికి అన్న ఎవరో బాలింతకు ఆటో పిలవడానికి సందు చివరికి వెళ్ళాడు. డాక్టరమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు కానీ, నెల తిరక్కుండా గేటు స్తంభం మీద కెమెరా పెట్టించింది. గేటు దగ్గరి బొమ్మ వైరులోంచి వచ్చి, వెనక గదిలో ఉన్న ఒక పెట్టెలో నిలవ ఉంటుంది. కావలసినప్పుడు కంప్యూటరులో చూసుకోవచ్చు. బిగించడానికి వచ్చినవాళ్ళకు వైరు చాల్లేదు. డాబా మీద రెండు ముక్కలు కలిపి, నల్ల టేపు చుట్టి, ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు లాగి కట్టేసి వెళ్ళిపోయారు. నీలం రంగు వైరు. బిగువుగా, నా తల ఎత్తున.

అది చూడగానే నాకు సావళ్ళు గుర్తొచ్చాయి.

సావళ్ళంటే రిబ్బనులా పొడుగ్గా, వెండి పూత పూసినట్టు ఉండే చేపలు. హార్బరులో అవి విరివిగా పడే రోజుల్లో మా ఆడపడుచు ఒక గంపెడు తెచ్చిపడేసేది. ఉప్పు రాసి ఒక పూట ఊరనిచ్చి, తాడు మీద వేలాడదీసి ఎండబెడితే వానాకాలమంతా వంకాయతోనో చింతచిగురుతోనో వండుకోవచ్చు. మేం ఉండే వరస ఇంట్లో ఎండ పడదు, పిల్లులు మాత్రం కావలసినన్ని. ఆసుపత్రి డాబా కడిగేది నేనే, తాళం ఉండేది నా దగ్గరే. పొద్దున్నే వచ్చి వేసేసి, సాయంత్రం వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకుపోయేదాన్ని. వాసన రాకుండా మెట్ల మీద ఫినాయిలు కాస్త ఎక్కువ పోసేదాన్ని. ఇదివరకు తాడు కట్టుకునేదాన్ని. ఇప్పుడు తాడు అక్కర్లేకపోయింది.

కొన్నాళ్ళకు కంప్యూటరులో బొమ్మ మొండికెయ్యడం మొదలుపెట్టింది. మనిషి గేటు బయట కనబడతాడు, మరుక్షణం మెట్ల మీద ఉంటాడు, మధ్యలో నడక ఉండదు. డాక్టరమ్మ ఫోను చేస్తే మెకానిక్కు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, స్టీలు ప్లాంటులో పనికని గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళబ్బాయి, మాటకు ముందూ వెనకా అండి. ఆయన వస్తున్నాడని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది. డాబా ఎక్కుతాడేమోనని నేను పరుగున వెళ్ళి సావళ్ళన్నీ తీసి, సంచిలో కుక్కి, నేల కడిగేశాను. ఆయన వచ్చి చూస్తే బొమ్మ చక్కగా నడుస్తోంది. పెట్టె నిండిపోయి ఉంటుందని పాత రికార్డింగు చెరిపేసి వెళ్ళాడు. మర్నాడు నేను మళ్ళీ చేపలు వేశాను. బొమ్మ మళ్ళీ మొండికేసింది.

రెండోసారి వచ్చినప్పుడూ అంతే. ముందురోజు కబురు తెలిసింది, నేను డాబా ఖాళీ చేశాను, ఆయన వచ్చేసరికి బొమ్మ బుద్ధిగా నడిచింది. కెమెరా బొమ్మ మరీ పెద్దదిగా తీస్తోందేమో, వైరులో పట్టడం లేదేమో అని సైజు తగ్గించాడు. వైర్లన్నీ కలిసే చిన్న డబ్బా ఒకటి మార్చాడు. గంటసేపు కూర్చుని చూసి, ఇక దేనికీ ఢోకా లేదండి అని టీ తాగి వెళ్ళాడు.

మిషను బాగానే ఉందని రెండుసార్లు తేలాక తప్పు మనిషి మీదికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ రికార్డింగు పెట్టుకుని చూస్తూ అన్నను లోపలికి పిలిచింది. నేను బల్ల తుడుస్తూ అక్కడే ఉన్నాను. తెర మీద అన్న కుర్చీలో ఉన్నాడు. గడ్డం గుండెకు ఆని ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఎంతసేపు చూసినా కదలడు. తర్వాత ఒక్క ఉదుటున గేటు తెరుచుకుని, లోపల ఆటో ఆగి ఉంది.

"మీరే చూడండి. మనుషులు లోపలికొచ్చేదాకా మీకు మెలకువ లేదు," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

"నాను నిద్రోనేదమ్మా," అన్నాడు అన్న. తెర వంక, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. "ఆటోకి గేటు నానే తీసేను."

తీసినట్టు అందులో లేదు. పెద్దవారయ్యారు, ఇక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండని, నెలాఖరు దాకా ఉండమని డాక్టరమ్మ చెప్పింది. భార్య మందులు మాత్రం ఎప్పటిలాగే వచ్చి తీసుకెళ్ళమంది. అన్న తలూపి బయటికొచ్చాడు. ఆ రోజు క్యారేజీ విప్పలేదు. ఆ వయసులో ఇంకో గేటు దొరకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాసేపటికి, నిజంగానే నిద్దరోయేనేటి సెల్లీ, నిద్దరోయినోడికి తెలీదు గదా అని నన్నే అడిగాడు. తన మీద తనకే అనుమానం వచ్చేసింది. నాకు అన్నిటికన్నా అదే బాధనిపించింది.

మర్నాడు గది తుడుస్తుంటే డాక్టరమ్మ అదే రికార్డింగు ఇంకోసారి చూస్తోంది. ఆవిడకూ మనసొప్పినట్టు లేదు. ఆవిడ మనిషిని చూస్తోంది. నా కళ్ళు అలవాటు కొద్దీ తెర మూలకు పోయాయి. అక్కడ చిన్న తెల్లటి అంకెల్లో గంట, నిమిషం, సెకను పడుతుంటాయి. అన్న కళ్ళు మూసుకుని ఉన్నంతసేపూ సెకన్ల అంకె పన్నెండు దగ్గరే ఉంది. తుడుపు గుడ్డ చేత్తో పట్టుకుని మనసులో వంద దాకా లెక్కపెట్టాను. పన్నెండు పన్నెండే. బొమ్మ కదిలాక చూస్తే నిమిషమే మారిపోయింది.

"అమ్మా, అన్న నిద్దరోతే గడియారం కూడా నిద్దరోద్దా?" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. వేలు పెట్టి అంకె చూపించాను. వెనక్కి తిప్పి మూడుసార్లు చూసింది. ఆగిపోయింది మనిషి కాదు, బొమ్మ. అన్న తల దించి కళ్ళు ఆర్పిన క్షణంలో పట్టుకుని, అక్కడే అతుక్కుపోయింది. కానీ మెకానిక్కు చూసినప్పుడల్లా బాగుండి, తర్వాత ఎందుకు అతుక్కుంటోంది? ఆవిడ ఫోను తీసి, రేపు పొద్దున ఇంకొక్కసారి రమ్మని చెప్పింది.

మర్నాడు పొద్దున్న చేపలు వేసి కిందికొచ్చాక గాని మెకానిక్కు వస్తాడన్న మాట గుర్తు రాలేదు. మళ్ళీ డాబా ఎక్కాను. అలవాటే కదా. నాలుగు సావళ్ళు తీసి భుజాన వేసుకున్నాను. అయిదోది తీస్తుంటే బరువు తగ్గి వైరు చటుక్కున పైకి లేచింది. టేపు చుట్టిన చోటు సరిగ్గా నా కళ్ళ ముందుకొచ్చింది. టేపు సగం ఊడి ఉంది. లోపలి సన్నటి తీగలు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటి కొసన ఒక ఉప్పునీటి బొట్టు వేలాడుతోంది.

అక్కడే నిలబడిపోయాను. ఆయన వచ్చిన రెండుసార్లూ నేను వీటిని తీసేశాను. ఆయన వెళ్ళాక రెండుసార్లూ మళ్ళీ వేశాను. బాగున్న రోజులేవో, బాగులేని రోజులేవో నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరూ లేరు.

చెప్పకుండా ఉండే దారి కూడా ఉంది. చేపలు ఇంకెప్పుడూ వెయ్యకపోతే బొమ్మ బాగుపడిపోతుంది, ఎవరికీ తెలియదు. కానీ ఆయన వచ్చి మూడోసారి కూడా ఏ లోపమూ లేదండి అంటే, అంకె సంగతి నేను చూపించినా ఎవరు నమ్ముతారు? మాట అన్న మీదే నిలిచిపోతుంది. భుజం మీద చేపలతో అలాగే నిలబడి, కింద గేటు చప్పుడయ్యేదాకా ఆలోచించాను. తర్వాత వాటిని తిరిగి వైరు మీద వేసేసి, చేతులు కడుక్కుని కిందికి దిగాను.

"ఆ వైరు మీద సావళ్ళు ఆరేసేది నానేనమ్మా," అన్నాను.

ఆ వాసన కాలవదనుకుని మున్సిపాలిటీకి రెండు కాగితాలు పెట్టానే అంది డాక్టరమ్మ. మెకానిక్కు మాత్రం చేపల వాసన పట్టించుకోలేదు. ఇన్నాళ్ళకు తనకు చిక్కని దొంగ చిక్కినట్టు ఆయన మొహం వెలిగింది. డాబా ఎక్కి, అతుకు చూసి, అతికినవాళ్ళను మర్యాదగానే తిట్టాడు. బొమ్మ ముక్కలు ముక్కలుగా వైరులో వస్తుందట. అతుకు దగ్గర కొన్ని రాలిపోతే పెట్టె మళ్ళీ పంపమంటుందట, కెమెరా మళ్ళీ పంపుతుందట, అవీ రాలిపోతాయట. ఈలోగా గేటు దగ్గర జరిగేదంతా జరిగిపోతుంది. బరువుకు అతుకు సాగుతోంది, ఉప్పునీరు లోపలికి దిగుతోంది.

"ఒకసారి అన్నీ తీసేసి, మళ్ళీ ఒక్కొక్కటే వెయ్యండమ్మా. నేను కింద చూస్తానండి," అన్నాడు.

అన్నను గేటు నుంచి మెట్ల దాకా ఆగకుండా నడుస్తూ ఉండమన్నారు. ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మెడ మీద తువ్వాలు సర్దుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను పైన ఒక చేప వేసి కేకేస్తాను, కింద కిటికీలోంచి బాగుందండి అని జవాబొస్తుంది. రెండు, మూడు, బాగానే ఉంది. ఆరోదానికి జవాబు ఆలస్యమైంది. ఎనిమిదోది వేశాక, ఇక చాలండి, దిగి రండి అని వినబడింది.

వెళ్ళి చూస్తే తెర మీద అన్న ఒక కాలు గాల్లో పెట్టుకుని కొంగలా నిలబడి ఉన్నాడు. పక్కన కిటికీలోంచి చూస్తే ఎండలో తిరుగుతున్నాడు. డాక్టరమ్మ తెర చూసింది, కిటికీ చూసింది, మళ్ళీ తెర చూసింది. నవ్వు ఆపుకోలేక బల్లకు ఆనుకుంది. నవ్వు తగ్గాక, ఎవరినీ పంపకుండా తనే గేటు దాకా వెళ్ళింది. పొరపాటు పడ్డానని, ఏమీ అనుకోవద్దని, నెలాఖరు మాట మర్చిపోమని ఆయనతో చెప్పింది. కూర్చోమని కుర్చీ కూడా జరిపింది. ఆయన చాలాసేపు కూర్చోలేదు.

అదే వారం కొత్త వైరు వేశారు. అతుకు లేకుండా ఒకే ముక్క, గోడ వెంట గొట్టంలోంచి. డాబా తాళం డాక్టరమ్మ సొరుగులోకి వెళ్ళింది. దాని గురించి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మధ్యాహ్నం మెట్ల కింద క్యారేజీలు విప్పినప్పుడు అన్నకు మొదటినుంచీ అంతా చెప్పాను, దాచకుండా. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"అయితే సెల్లీ, నా కొలువు మీద సేపలారేసేవన్నమాట," అన్నాడు.

నాకు తలెత్తడానికి ధైర్యం చాల్లేదు. ఆయనే నా క్యారేజీ మూత తీసి, వంకాయలో వేసిన సావడ ముక్క ఏరుకుని తిన్నాడు. ఉప్పు కూసింత ఎక్కువైందన్నాడు. వచ్చే గంప నుంచి తగరపువలస పంపెయ్యమన్నాడు. వాళ్ళ పెరట్లో దండెముందట. నాలుగో వంతు తనకట.

ఆయన ఆ గేటు దగ్గర ఇంకా ఆరేళ్ళు పనిచేశాడు. తెర మీద తన నడక ఒకసారి చూస్తానని అడిగితే డాక్టరమ్మ చూపించింది. ఇంత వంగిపోయేనేటి అని అనుకున్నాడు, అంతే. ఆ తర్వాత నుంచీ మాత్రం ఒక కొత్త అలవాటు మొదలైంది. కుర్చీలో కూర్చున్నంతసేపూ కాసేపటికోసారి కుడిచెయ్యి ఎత్తి కెమెరాకు ఊపేవాడు, మెలకువగానే ఉన్నానని. గేటులోంచి వచ్చే తల్లులు తమకే అనుకుని నమస్కారం పెట్టేవాళ్ళు. చంకలోని పిల్లలు, సూదికి ఏడవబోతున్న వాళ్ళు కూడా, ఆయనకు చెయ్యి ఊపేవాళ్ళు.