లావు తుఫాను

మా నాన్న జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారి. కాయను విరిచి వాసన చూసి కారం చెప్పేవాడు. సన్నకాయ మంట, లావుకాయ డొల్ల అన్నది ఆయన సూత్రం. దాన్ని మనుషులకూ, చివరికి తుఫాన్లకూ అంటగట్టాడు. ఆయన్ని ఒక్కణ్నే అని ఏం లాభం, మెరక ప్రాంతం వాళ్లందరం అంతే. మాకు తుఫానంటే గాలే. ఎంత వేగమో అడుగుతాం గాని, ఎంత మేర పరుచుకుందో, ఎన్నాళ్లు కదలకుండా కూర్చుంటుందో అడగం.

అక్కను బందరు అవతల, సముద్రానికి దగ్గర ఊళ్లో ఇచ్చాం. తొంభైల్లో ఒకసారి రేడియోలో తీవ్ర తుఫాను అనగానే నాన్న కారు మాట్లాడుకుని వెళ్లి అక్కనూ ఇద్దరు పిల్లల్నీ తెచ్చేశాడు. అది బలమైనదే గాని చిన్నది. ఎక్కడో దూరంగా తీరం దాటి, దాటినచోట కొబ్బరిచెట్లను పీకి పారేసింది. అక్క వాళ్ల ఊళ్లో ఆరేసిన బట్ట కూడా ఎగరలేదు. పేట వాళ్లకు చినుకు పడితే తుఫానేనని అక్క మామగారు పదిమందిలో నవ్వారు. ఆ నవ్వు నాన్న మర్చిపోలేదు.

రెండేళ్లకు మరొకటి వచ్చింది. బలహీనపడిందనీ, కానీ చాలా దూరం విస్తరించిందనీ రేడియో చెప్పింది. మొదటి మాటే మా చెవికెక్కింది. అక్క నాన్న కొట్టుకి ఫోన్ చేసి, గోడలు అప్పుడే నానుతున్నాయని, పిల్లల్ని తీసుకుని వచ్చేయనా అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"గాలి లేదంటున్నారుగా అమ్మా. లావుకాయకి కారముండదు. మళ్లీ నవ్వులపాలవడం ఎందుకు, అక్కడే ఉండు," అన్నాడు నాన్న.

నేనూ తలూపాను.

మూడు రోజులు వాన ఆగలేదు. సముద్రం పోటెత్తి మురుగు కాలువను వెనక్కి నెట్టింది. నీళ్లు పోయే దారి లేక ఊళ్లోనే నిలిచాయి. ఇటు నందిగామ దాకా అదే వాన. మా వాళ్లు తడిసిన పత్తిని చూసి ఏడుస్తుంటే, సిగ్గులేకుండా నేనూ వాళ్లతోపాటు బాధపడ్డాను. మూడోరోజు మధ్యాహ్నం అక్కా వాళ్ల వంటింటి మట్టిగోడ కూలి, పక్కనే ఆడుకుంటున్న చిన్నమ్మాయి మీద పడింది.

కబురు తెలిసినా, రోడ్లు మునిగి మేం చేరడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికి అంతా అయిపోయింది. నాన్న వెళ్లి అక్క ముందు నేలమీద కూర్చున్నాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పినట్టే గాలి రాలేదు నాన్నా," అంది.