తోడు పెట్టిన నీళ్లు

ఆ రోజు పొద్దున మా అన్న తిరుపాలు దోసె పిండి గిన్నె మూత తీసి వాసన చూశాడు. "ఇంకా పొంగలేదు, చలికి ముడుచుకోని ఉండాది" అంటూ మూత పెట్టి, తన పాత స్వెట్టరు తెచ్చి గిన్నె చుట్టూ చుట్టాడు. తనకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంత సేవ చేయలేదని మా వదిన ఆదెమ్మ దెప్పింది. అన్న నవ్వి, అన్నం డబ్బా సంచిలో వేసుకుని పనికి పోయాడు. మా ఇంట్లో ఆయన చేసిన ఆఖరి పని అది.

వాసన చూడడం ఆయనకు పనితో వచ్చిన అలవాటు. బొమ్మసంద్ర దాటాక హొసూరు రోడ్డు పక్కన ఒక పెద్ద అపార్టుమెంటు ఉంది. కార్లు నిలిపే అంతస్తుకు ఇంకా కింద, మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటు. దాన్ని నడిపేది మా అన్న. అంతకు ముందు సెంట్రింగు పని, దానికి ముందు కల్యాణదుర్గం దగ్గర మా సొంత సేద్యం. అక్కడ ఏటా వేరుశనగే వేసి వేసి భూమి ఎలా అయిందంటే, వాన పడినా నీళ్లు ఇంకకుండా పైపైనే జారిపోయేవి. నాగటి చాలులో ఒక్క వానపాము కూడా కనిపించని సంవత్సరం, మా నాయన గట్టు మీద కూర్చుని, ఇంక ఇది చచ్చిపోయిందన్నాడు. ఆ ఏడే అన్న బెంగళూరు వచ్చాడు. తర్వాత నన్ను తీసుకొచ్చి, హెబ్బగోడిలో ఒకే గదిలో వదినతో పాటు నన్నూ ఉంచుకుని బీయెస్సీ చదివించాడు. ఇప్పుడు నేను అక్కడే ఒక చిన్న బడిలో సైన్సు చెబుతున్నాను.

ఒకసారి ప్లాంటు చూడడానికి వెళ్లాను. మెట్లు దిగుతూ కొంగుతో ముక్కు మూసుకుంటే అన్నకు కోపం వచ్చింది.

"కొంగు తియ్ పాపా. బాగుంటే కంపు కొట్టదు."

నిజంగానే కంపు లేదు. కొత్తగా తడిసిన మట్టి వాసన వచ్చింది. పెద్ద తొట్టిలో నీళ్లు టీ రంగులో గలగలా ఉడుకుతున్నట్టున్నాయి. బ్లోయరు అనే యంత్రం గొట్టాల్లోంచి తొట్టి అడుగుకు గాలి ఊదుతుంది. ఆ గాలి పీల్చుకుంటూ కంటికి ఆనని జీవులు మురికిని తింటాయి. తిని, ముద్దలుగా కట్టి, పక్క తొట్టిలో అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు తోటకూ కక్కసులకూ పోతాయి. మొదట్లో పేడ, బెల్లం వేసి ఆ జీవులను పెంచింది అన్నే. ఒకరోజు మురికి ఎక్కువొచ్చినా, ఎవరో ఒక సీసా ఆసిడ్ పోసినా అవే ఓర్చుకుంటాయని, కొన్ని తగ్గితే కొన్ని పెరిగి రెండు రోజుల్లో నీళ్లను మళ్లీ తమకు సరిపడేటట్టు చేసుకుంటాయని చెప్పాడు. అవి చస్తే మాత్రం నీళ్లు నల్లబడతాయని, అప్పుడు పెరుగుకు తోడేసినట్టు బాగున్న ఇంకో తొట్టిలోంచి కాస్త తెచ్చి పోయాలని అన్నాడు.

భూమి కూడా ఇంతేనని నేనన్నాను. మనం పీల్చే గాలి మొదటినుంచీ లేదు, జీవులు చేసింది. ఎండ, వాన, సముద్రం, చెట్లు, పురుగులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబెడుతున్నాయి, పైనుంచి ఎవరూ నడపడం లేదు అని వివరించాను. అన్న గోడకు ఆనుకుని శ్రద్ధగా విన్నాడు.

"అయితే దానికి ఆపరేటర్ లేడంటావు."

"లేడు."

"మరి అది నల్లబడితే తోడు ఎక్కడినుంచి తెస్తారు పాపా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పోయిన దసరా తర్వాత తొట్టి నల్లబడింది. పండగకు ఇళ్లన్నీ కడిగారు కదా, ఆసిడ్ ఎక్కువ పడిందనుకున్నాడు. పేడ, బెల్లం వేస్తే సాయంత్రానికి కాస్త రంగు తిరిగేది. తెల్లారి పోయేసరికి మళ్లీ నలుపు, కుళ్లిన గుడ్ల కంపు. అపార్టుమెంటు సంఘం వాళ్లు ఆదివారం మీటింగు పెట్టుకున్నారు. అప్పటికి కంపు పోకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నారు. పని పోతుందన్న బెంగ వదినది. అన్న బెంగ అది కాదు. ఒకసారి తన కళ్ల ముందు భూమి చచ్చింది, రెండోసారి చావనివ్వనని పట్టు పట్టాడు.

ఊడ్చేవాళ్ల మేస్త్రీ పుష్పావతి కోలారు మనిషి, మాటకారి. ఆసిడ్ వాడొద్దని అన్న ఆమెను బతిమాలాడు.

"నీ పురుగులు సల్లగుండాల, సరే. కక్కసులు తెల్లగా లేకుంటే ఇంటోళ్లు మమ్మల్ని కడుగుతారన్నా" అందట. అయినా ఆ వారమంతా సబ్బునీళ్లతోనే కడిగించింది.

తర్వాత అన్న చందాపురలో ఇంకో అపార్టుమెంటులో పనిచేసే స్నేహితుణ్ణి అడిగి, బాగున్న తొట్టిలోంచి రెండు క్యాన్ల బురదనీళ్లు తీసుకుని బస్సెక్కాడు. వాసనకు జనం లేచి వెనక్కి పోయారట. ఏందప్పా అదని కండక్టరు అడిగితే, పెరుగుకు తోడని చెప్పాడట. తర్వాతి స్టాపులోనే దించేశారు. మిగతా దారంతా చేతికొక క్యాను పట్టుకుని నడిచాడు. ఆ రాత్రి భుజాలకు నూనె రాయించుకుంటూ ఈ కథ చెప్పి మమ్మల్ని నవ్వించాడు. ఆ నెలలో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ తోడూ నిలవలేదు. ఆసిడ్ లేదు, తిండి ఉంది, తోడు ఉంది, అయినా చస్తున్నాయంటే వాటికి గాలి అందడం లేదని తేల్చుకున్నాడు. పొద్దున పోయేసరికి బ్లోయరు తిరుగుతూనే ఉంటుంది, సాయంత్రం వచ్చేటప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి అడుగున గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి. శుక్రవారం నాడు తొట్టిలో నీళ్లు చాలావరకు తోడించాడు. శనివారం దోసె పిండికి స్వెట్టరు చుట్టి వెళ్లాడు.

మిగిలింది పుష్పావతి చెప్పింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిచ్చెన దించుతుంటే ఆమె వద్దంది, తొట్లు కడిగే మిషనోళ్లను పిలవమంది.

"వాళ్లు వచ్చేలోపల ఇవి ఊపిరాడక సస్తాయి పుష్పా" అన్నాడట.

అడుగున బురదను కదపగానే కుళ్లిన గుడ్ల కంపు గుప్పున పైకి లేచిందట. ఆమె పైనుంచి పిలిస్తే పలకలేదు. ఫైరింజను వాళ్లు వచ్చి తాడు కట్టి పైకి తీశారు. నేను ఆస్పత్రికి చేరేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు. వదిన ఆయన పాదాలకున్న బురద తుడుస్తూ కూర్చుంది.

ఈ ఏడు ఎనిమిదో తరగతికి గాలి గురించిన పాఠం వచ్చింది. చెప్పాను. అయితే భూమి తానే బాగుచేసుకుంటుందా మిస్ అని ఒక పిల్ల అడిగింది. నాకు అన్న తొట్టి గుర్తొచ్చింది. నల్లబడిన తొట్టి చచ్చిన తొట్టి కాదు. గాలి అక్కర్లేని వేరే జీవులు దాన్ని పట్టుకుని, తమకు తగినట్టు మార్చుకున్నాయి. మా అన్నను చంపిన వాయువు వాటి ఊపిరి. భూమీ అలాగే సర్దుకుంటుంది, ఏదో ఒకదానికి తగినట్టు. ఆ తగినవాళ్లలో మనం ఉండాలని ఎక్కడా లేదు. ఇంతమాట పన్నెండేళ్ల పిల్లకు ఎలా చెప్పను? గంట కొట్టేదాకా బోర్డు తుడుస్తూ నిలబడ్డాను.

అంతకు ముందే, అన్న దినాలు అయిన తర్వాత, ఆయన బట్టలు, చెప్పులు తెచ్చుకుందామని అపార్టుమెంటుకు పోయాను. కొత్త మనిషి ఇంకా రాలేదు. కరెంటు పనులు చూసే వెంకటగిరియప్ప నా వెంట కిందికి దిగాడు. పెద్ద వయసు మనిషి. నా మొహం చూడకుండా, గోడమీది ప్యానెలు వైపు చూస్తూ మాట్లాడాడు.

"మీ అన్నకు వాళ్లు చెప్పినారనుకొంటినమ్మా."

పండగ తర్వాత, కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి సంఘం వాళ్లు ఈ వెంకటగిరియప్పతోనే బ్లోయరుకు టైమరు పెట్టించారట. రాత్రి పదికి ఆగి, తెల్లవారుజామున ఐదుకు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుందట. అన్న పోయాక గొట్టాలన్నీ పైకి తీసి చూశారు. ఒక్కటి కూడా పూడుకోలేదట.