మొక్కు తీరాక కోతెందుకు

నా భర్త ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ సగానికి పైగా కరిగిందని స్కాన్‌లో రాగానే మా ఇంట్లో వైద్యులు పుట్టుకొచ్చారు. అందరిలోకి పెద్ద వైద్యుడు మా బావ, అంటే నా భర్తకు అన్న. కామ్‌రేజ్ దగ్గర మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. తెగిన పోగు ముడివేయడం తప్ప ఆయనకు మరో విద్య రాదు.

వలసొచ్చిన ఈ పరాయి రాష్ట్రంలోనూ డాక్టరమ్మ మన తెలుగమ్మాయే. అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. “మందులకు గడ్డ బాగా లొంగిందమ్మా. అందరికీ కోయాలని లేదు. కానీ ఈయనకు మిగిలిన ముక్కలో జబ్బు బతికుందో లేదో స్కాన్‌లో తెలియదు. తీసేయడానికి వీలున్నది ఇప్పుడే. నెల దాటనివ్వకండి.”

మేమేం చేశాం? అమ్రోలిలో పోచమ్మకు యాటను కోశాం. గడ్డ కరిగితే యాటనిస్తానని బావ మొక్కాడు. పూర్తిగా పోతే అని మొక్కలేదు, మొక్కులోనూ సగం పనే! మసాలా నూరింది నేనే, ఆ సిగ్గు నాకూ ఉంది.

మూలుగ బొక్క జుర్రుకుంటూ బావ తీర్పు చెప్పాడు. “మొక్కు అప్పజెప్పినంక మల్ల ఛాతి కోపిచ్చుకుంటె తల్లిని నమ్మనట్టే గదా? జర సోంచాయించుండ్రి. కోస్తె గాలి తగిలి ఒళ్లంత పాకుతది.”

“గాలికి పాకేదైతె, ఊపిరితిత్తిల ఇన్ని దినాలు దానికి తగిలిందేంది బావా?” అన్నాను.

“ఆడిదానివి, నీకేమెరుక!”

తింటున్న నలుగురూ తలలూపారు. ముక్క నోట్లో ఉంటే ఊపే తలలకు కొదవా?

నా భర్త నా వైపు చూడలేదు. ఆయనది భక్తి కాదు, కత్తంటే భయం. భయమని ఒప్పుకుంటే చేయి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేరాల్సిన రోజు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయాడు. జాలి కలగలేదు, అసహ్యం వేసింది.

నాలుగు నెలలకు దగ్గు తిరగబెట్టింది. మళ్లీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, రెండో ఊపిరితిత్తికీ కాలేయానికీ పాకిందనీ, ఇక కోసినా లాభం లేదనీ చెప్పింది. బయటికొచ్చి, బెంచీ మీదున్న అన్నదమ్ములతో మాత్రం, “ఆపరేషన్ వద్దు, మందులు మారుద్దాం” అంది.

బావ తొడ చరిచాడు. “ఇన్నవా? కోసుడు వద్దంటున్నది. నేను ఆనాడే చెప్పలే?”

నా భర్త హాయిగా నవ్వాడు. బావను కడిగేయడానికి నోరు తెరిచాను. ఆ నవ్వు చూసి మూసుకున్నాను.