పిన్ని ఇంట్లో మూడో మనిషి

గుమ్మం మీద ఎర్రరంగుతో వేసిన జనాభా లెక్కల నంబరు కనిపిస్తే, నేనెవరి కూతురినన్న సందేహం నాకిప్పటికీ ఒక్క క్షణం వస్తుంది.

రెండో తరగతి అయ్యాక వేసవి సెలవులకి గుడివాడ నుంచి పిన్ని వాళ్ల ఊరెళ్లాను. హంసలదీవి దగ్గర పల్లె. అక్కడ మనుషులకన్నా కొంగలే ఎక్కువ. పక్కిల్లంటే రెండు చేల అవతల.

ఒకరోజు జనాభా లెక్కలు రాసే ఊరి బడి మాస్టారు వచ్చి, గుమ్మం మీద నంబరు వేసి, "ఎంతమందమ్మా?" అన్నారు.

"ముగ్గురమండీ. మా ఆయన, నేను, ఇదిగో మా అమ్మాయి," అని పిన్ని నన్ను చూపించింది.

"మీకు పిల్లల్లేరు కదమ్మా?"

"ఎదురుగా ఉంటే కనపడట్లేదా? రాసుకోండి మాస్టారూ. జనం తక్కువైతే మా ఊరికి బస్సెవరేస్తారు?"

ఆయన నవ్వి రాసేసుకున్నారు. ప్రభుత్వం రాసుకుంది కాబట్టి ఇక నేను పిన్ని కూతురినే అనుకున్నాను. ఈ సంగతి గుడివాడలో అమ్మకి ఎవరు చెబుతారో, నా రెండో తరగతి చెల్లుతుందో లేదో తెలియలేదు. మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాను.

"పిన్నీ, ఇక నిన్ను అమ్మా అనాలా?"

పిన్ని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "బస్సొచ్చేదాకా అను" అంది.

వారం తర్వాత నాన్నొచ్చి నన్ను తీసుకెళ్లిపోయారు. మాస్టారిని అడక్కుండా ఎలా తీసుకెళ్తున్నారో నాకు అర్థం కాలేదు.

లెక్కలు రాసిన రోజు అరుగు మీద బాబాయి తమ్ముళ్లిద్దరు పేకాడుతున్నారు. మాస్టారు వాళ్లని చూపించి అడిగితే, "చుట్టాలండీ, రాయకండి" అంది పిన్ని. బస్సు కోసమే అయితే వాళ్లనీ రాయించేదని నాకు తట్టడానికి ముప్పై ఏళ్లు పట్టింది.