ఒటీలియ గారి పక్క సమాధి

ఒటీలియ రాట్కె గారికి నా మీద ఎన్నడూ సదభిప్రాయం లేదు. బెర్లిన్‌లో మా శ్మశానం ఆఫీసు కిటికీ దగ్గర నేను ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. అన్నేళ్ళలో ఆవిడ నాతో మంచిగా మాట్లాడింది మూడుసార్లో నాలుగుసార్లో. మిగతావన్నీ ఫిర్యాదులే. నీళ్ళడబ్బాకి చిల్లు పడిందని ఒకరోజు, బర్చి చెట్టు కొమ్మలు కొట్టించలేదని ఇంకోరోజు. అయినా ఈ ఊరి మనుషుల్లో ఒక్కరి గురించి చెప్పమంటే ఆవిడ గురించే చెబుతాను.

ఆవిడది ఇస్త్రీ పని. పద్నాలుగో ఏట లాండ్రీలో చేరింది. మొదట కైజరు చక్రవర్తి గారి ఆఫీసర్ల చొక్కాలు, తర్వాత హిట్లరు మనుషుల గోధుమరంగు చొక్కాలు, యుద్ధం అయ్యాక రష్యన్ల చొక్కాలు. "ఎవరిదైతే ఏంటి, కాలరు కాలరే" అనేది. ఏ పని చేసినా ఆ ఇస్త్రీ చెయ్యే కనిపించేది. భర్త సమాధి చుట్టూ మట్టిని కూడా మడత నలగని చొక్కాలా సర్దేది.

భర్త ఎమిల్ ట్రాము నడిపేవాడు. యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, నలభై ఏడు చలికాలంలో బొగ్గు దొరక్క, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అదే వారం అల్వీనె పోల్ అనే కుట్టుపని ఆవిడ ఏడేళ్ళ కొడుకు యోహెన్ కూడా పోయాడు. వాడి తండ్రి అంతకుముందే యుద్ధంలో పోయాడు. నేల గడ్డకట్టి గునపం దిగకపోతే రెండు పెట్టెలూ పదకొండు రోజులు మా ప్రార్థన గదిలో పక్కపక్కన ఎదురుచూశాయి. అందుకే సమాధులూ పక్కపక్కనే పడ్డాయి.

మాలో ఒక అలవాటుంది. భర్త ముందు పోతే భార్య పక్కచోటు కూడా అప్పుడే తీసేసుకుంటుంది. రాతి మీద తన పేరూ, పుట్టిన సంవత్సరమూ చెక్కించి, పోయే సంవత్సరానికి ఖాళీ ఉంచుతుంది. ఒటీలియ గారూ అలాగే చేసింది. ప్రతి ఆదివారం తన పేరున్న రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పూలమొక్కలకి నీళ్ళు పోసేది. మాకందులో వింతేమీ లేదు.

వింత ఏమిటంటే ఈ ఇద్దరాడవాళ్ళ జగడం. రెండు సమాధులకీ మధ్య జానెడు దారి. దాని మీద పద్నాలుగేళ్ళు కొట్లాడారు.

"పోల్ గారూ, మీ ఐవీ తీగ మళ్ళీ మావైపు వచ్చింది."

"మా తీగ రాలేదండీ. మీ కత్తెర మావైపు వచ్చింది."

"మీ ఆకులు మీరు ఎత్తుకోవచ్చు కదా?"

"బర్చి చెట్టు నేను నాటానా? వెళ్ళి ఆ లెంకె గారిని అడగండి!"

ఆ లెంకెని నేనే. ఇద్దరూ నా కిటికీ దగ్గరికే వచ్చేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. అల్వీనె గారు నత్తల్ని ఏరి పక్క సమాధి మీదికి విసురుతుందని ఒటీలియ గారి ఆరోపణ. అది నిజమే, నేను కళ్ళారా చూశాను. పదమూడు నత్తలు. ఇంత జరిగినా ఒకరినొకరు 'మీరు' అనడం మాత్రం మానలేదు.

యుద్ధంలో గెలిచినవాళ్ళు ఊరిని పంచుకున్నాక, మా వీధిలో ఈ పక్క ఇళ్ళు రష్యన్ల వాటాలో, ఆ పక్క ఇళ్ళు ఫ్రెంచివాళ్ళ వాటాలో ఉండేవి. అల్వీనె గారిది ఆ పక్క. చేతిసంచీ పట్టుకుని వీధి దాటితే మా వెనక గేటు. అరవై ఒకటి ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారేసరికి ముళ్ళతీగ వచ్చింది, తర్వాత గోడ వచ్చింది. శ్మశానం వెనక వరసకి, అంటే ఈ రెండు సమాధులూ ఉన్న వరసకి ఆనుకునే లేపారు గోడని. రెండు పెద్ద రాజ్యాలు ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటుంటే మధ్యలో మా వీధి పడింది. అల్వీనె గారికి కొడుకు సమాధి మూడో అంతస్తు కిటికీలోంచి మాత్రమే కనిపించేది. మా పక్కవాళ్ళు కూడా సమాధి దగ్గరికి వెళ్ళాలంటే దగ్గరి బంధుత్వం చూపించి చీటీ తీసుకోవాలి.

ఆ శరదృతువులో యోహెన్ సమాధి మీద బర్చి ఆకులు చెత్తకుప్పలా పడ్డాయి. రెండు ఆదివారాలు ఒటీలియ గారు అటు చూడకుండానే వెళ్ళిపోయింది. మూడో ఆదివారం ఆకులన్నీ ఊడ్చి, ఐవీని సరిగ్గా పాత గీత దాకా కత్తిరించి, చలికాలానికి మొక్కలు గడ్డకట్టకుండా ఫర్ చెట్టు కొమ్మలు పరిచింది. పని అయ్యాక మూడో అంతస్తు వైపు తలెత్తి చూసింది. కిటికీలో ఒక మనిషి నిలబడి ఉంది. చేతులు ఊపడానికి వీల్లేదు, సైనికులు చూస్తారు. ఒటీలియ గారు నీళ్ళడబ్బా ఎత్తి సైగలా యోహెన్ రాయికి ఆనించి, మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయింది.

అరవై మూడు ఏప్రిల్‌లో గేటుకి నోటీసు అంటించారు. కాపలా దారి వెడల్పు చేస్తారట, వెనక రెండు వరసలూ తీసేస్తారట. ఇక్కడ నివసించే బంధువులు రెండు వారాల్లో అర్జీ పెట్టుకుంటే అస్థికల్ని ముందువైపుకి మారుస్తారు. అర్జీ రాని సమాధుల్ని చదును చేస్తారు. ఎమిల్‌కి భార్య ఉంది. యోహెన్‌కి ఈ పక్కన ఎవరూ లేరు.

ఒటీలియ గారు మర్నాడే వచ్చింది. నా పక్కన సరిహద్దు దళం ఆఫీసరు ఒకాయన రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండు అర్జీలు" అంది ఆవిడ. "ఒకటి మా ఆయనకి. ఒకటి పిల్లాడికి, యోహెన్ పోల్."

"ఆ పిల్లాడు మీకేమవుతాడు?"

"మా అక్క కొడుకు."

నా కలం ఆగిపోయింది. ఆవిడ నా వంక చూడను కూడా లేదు.

"అక్క ఎక్కడుంది?"

"అవతల."

"పుట్టిన తేదీ?"

పద్నాలుగేళ్ళు కొట్లాడిన మనిషి పుట్టినరోజు ఎవరికి తెలుస్తుంది? "మే తొమ్మిది, పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది" అనేసింది.

ఆఫీసరు లెక్కేశాడు. "అంటే నలభై ఒకటో ఏట కన్నదా?"

"లేక లేక పుట్టాడు బాబూ."

"కాగితమేమైనా ఉందా?"

"ఇల్లే బాంబులకి పోతే కాగితమెక్కడిది? ఈ లెంకె గారిని అడగండి. పద్నాలుగేళ్ళు ప్రతి ఆదివారం మేమిద్దరం ఇక్కడే పోట్లాడుకున్నాం. తీగ కోసం, ఆకు కోసం, నత్త కోసం. అక్కచెల్లెళ్ళు కాకపోతే అన్నేళ్ళు ఎవరు పోట్లాడతారు?"

ఆఫీసరు నావైపు తిరిగాడు. నేను స్వతహాగా పిరికివాణ్ణి. ఒక్క అబద్ధానికి నా ఉద్యోగం పోతుంది, జైలూ రావచ్చు. కానీ ఆవిడ చెప్పినదాంట్లో పోట్లాట మాత్రం అక్షరాలా నిజం.

"నిజమేనండీ. బయటివాళ్ళ మధ్య అంత గొడవ ఉండదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "మా అమ్మా పిన్నీ కూడా ఇంతే." తర్వాత మొహం మార్చి, "కానీ ముందువైపు కొత్త చోట్లు లేవమ్మా. మీ పాత రెండు చోట్లకి బదులుగా రాట్కె పేరు మీద రెండున్నాయి, అంతే" అన్నాడు.

"రెండు చాలు. ఒకటి ఎమిల్‌కి, ఒకటి వాడికి."

నేను ఉండబట్టలేక అన్నాను. "రాట్కె గారూ, ఆ రెండోది మీ చోటు కదండీ!"

"తెలుసు. నాకు చదవడం వచ్చు" అంది కసిరినట్టు. "ముద్ర వేయండి."

వేశాను. నా ఉద్యోగంలో నేను వేసిన మంచి ముద్ర అదొక్కటే అనుకుంటాను.

ఉత్తరాలు దారిలో విప్పి చదువుతారు కాబట్టి సంగతి రాయడానికి వీల్లేదు. మే తొమ్మిదికి ఒక కార్డు పంపింది. 'ప్రియమైన అక్కా, అరవై నాలుగో పుట్టినరోజు శుభాకాంక్షలు. నీ కొడుకు ఇప్పుడు ఎమిల్ బాబాయి దగ్గరే ఉంటున్నాడు.' అల్వీనె గారికి అప్పుడు యాభై మూడు. పుట్టినరోజు అక్టోబరులో. ఈ వయసులో కూడా ముసలిదానివని ఎత్తిపొడుస్తోందా అని కోపంతో కార్డుని పొయ్యిలో వేయబోయి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయిందట. వెనక వరస దున్నేసిన రోజు నుంచీ ఆవిడ కిటికీ తెర తియ్యలేదట. ఆ కార్డు చదివి తీసింది.

ఆ డిసెంబరులో మొదటిసారి అవతలివాళ్ళకి ఒక్క రోజుకి అనుమతి ఇచ్చారు. ఈ పక్క సొంత బంధువులున్నవాళ్ళకే. అల్వీనె గారు మంచులో తొమ్మిది గంటలు వరసలో నిలబడి, 'చెల్లెలు ఒటీలియ రాట్కె' అని రాసి చీటీ తెచ్చుకుంది.

క్రిస్మస్ తర్వాతి రోజు ఇద్దరూ మా గేటు దగ్గరికి వచ్చారు. సైనికుడు చీటీని తిప్పి తిప్పి చూశాడు.

"ఈవిడ ఎవరు మీకు?"

"నా చెల్లెలు నాయనా, ఇంకెవరు?" అంది అల్వీనె గారు. వెంటనే పక్కకి తిరిగి, "నన్ను పదకొండేళ్ళు ముసలిదాన్ని చేస్తావుటే, నీ నోరు పడ!" అంది.

"నీ మొహం చూసి ఎవరైనా అంతే చెబుతారు. పద లోపలికి" అంది ఒటీలియ గారు.

వాళ్ళు ఒకరినొకరు 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదలు. మళ్ళీ 'మీరు' అనుకోలేదు.

ఫర్ కొమ్మల కట్ట మోసుకుంటూ నేనూ వెంట వెళ్ళాను. అల్వీనె గారు ముందు వంకలు పెట్టింది. కొమ్మలు పలచగా పరిచారంది, దీపం గాజు మురికిగా ఉందంది. తర్వాత రాయి చూసింది. ఎమిల్ పేరు కింద ఒక పలక మేర రాయిని అరగదీసి నున్నగా చేశారు, దాని మీద యోహెన్ పేరు ఉంది. పద్నాలుగేళ్ళు చూసిన రాయి, అక్కడ ఇంతకుముందు ఏ పేరుండేదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. చేతి తొడుగు తీసి ఆ నున్నటి చోటు మీద అరచెయ్యి పెట్టింది.

"మరి నువ్వెక్కడ పడుకుంటావే?"

"నేనేమైనా ఇవాళ పోతున్నానా? ముందు ముక్కు తుడుచుకో."

అల్వీనె గారు వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు. ఒటీలియ గారు మాత్రం కొమ్మలు సర్దుతూనే ఉంది.

మరుసటి ఏడు నుంచి మా పక్క పింఛనుదార్లని ఏడాదికోసారి అవతలికి పోనిచ్చారు. పనిచేయలేని ముసలివాళ్ళు తిరిగి రాకపోయినా మా ప్రభుత్వానికి నష్టం లేదు కదా. ఒటీలియ గారు ఏటా అక్క ఇంటికి వెళ్ళేది, వెళ్ళేటప్పుడు నీళ్ళడబ్బా నాకు అప్పగించి, "నత్తలు వస్తే మీదే పూచీ" అనేది. అరవై ఏడు అక్టోబరులో అలాగే వెళ్ళింది. తొమ్మిదో రోజు నాకు టెలిగ్రాం వచ్చింది.

'చెల్లెలు నిద్రలో పోయింది. నాకని తీసుకున్న చోటు పక్కనే పెట్టుకున్నాను. రాతి మీద పేరు పెద్దక్షరాలతో చెక్కించాను. నన్ను అటు రానివ్వడం లేదు. వాళ్ళిద్దర్నీ మీరు చూడండి.'

చూస్తున్నాను. మరుసటి ఏడు నాకూ ఉద్యోగం ముగిసింది. ఆ ఆదివారం అందరిలాగే కిటికీ బయట నిలబడి సమాధి చీటీ అడిగాను. లోపల కొత్తగా చేరిన అమ్మాయి రిజిస్టరు తిప్పింది.

"రాట్కె, పోల్. వాళ్ళు మీకేమవుతారు సార్?"

"ఒటీలియకీ అల్వీనెకీ నేను తమ్ముణ్ణమ్మా" అన్నాను.

ఆ పిల్ల రిజిస్టరు చూసింది. అందులో ఇరవై రెండేళ్ళ చేతిరాత నాది, లెంకె అన్న సంతకం నాది. తలెత్తి నన్ను చూసింది, మళ్ళీ రిజిస్టరు చూసింది.

ముద్ర వేసింది.