మస్తాన్ పాటకు ఒరిజినల్ వినిపించినవాడు

మా అన్న మద్దిలేటి పెళ్లి ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే పెళ్లి కాకుండా పంచాయితీ అయ్యేది. దానికి కారణం కట్నం కాదు, జాతకం కాదు, భోజనాల దగ్గర అప్పడం తక్కువ కావడం కూడా కాదు. కారణం నేను. నేనూ, నా చేతిలోని ఫోనూ, ఆ ఫోనులో ఉన్న ఒక ఇంగ్లీషు పాటా. ఇది జరిగి పదేళ్లు దాటింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా నవ్వు కావాలంటే టీవీ పెట్టుకోరు, నన్ను పిలుస్తారు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఒకసారి రాసి పడేస్తే పీడ విరగడవుతుందని కూర్చున్నాను.

ముందు పాట సంగతి చెప్పాలి. మాది కోడుమూరు. మా వైపు పెళ్లికొడుకు విడిది నుంచి మండపానికి మెరవణిగా వెళతాడు. ముందు బ్యాండు, వెనక కారు, మధ్యలో చెమటలు కక్కుతూ బంధువులు. బ్యాండంటే మాకు మస్తాన్ మామ బ్యాండే. మా నాయన పెళ్లికి వాయించిందీ ఆయనే, మా అత్తల పెళ్లిళ్లకు వాయించిందీ ఆయనే. ట్రంపెట్ ఊదేటప్పుడు ఆయన బుగ్గలు పూరీల్లా పొంగుతాయి. చిన్నప్పుడు అవి ఎప్పుడు పేలతాయా అని నేను పక్కనే నడుస్తూ కాచుకుని ఉండేవాణ్ని.

దారిపొడుగునా ఆయన ఏవేవో సినిమా పాటలు వాయిస్తాడు. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మండపం కనబడే ఆఖరి మలుపు దగ్గర మాత్రం ఆగుతాడు. మూతి తుడుచుకుంటాడు, డ్రమ్ముల వాళ్ల వైపు ఒక చూపు చూస్తాడు, అప్పుడు ఆ పాట అందుకుంటాడు. దానికి పేరు లేదు, మాటలు లేవు. అందరూ మస్తాన్ పాట అంటారు.

అది మొదలైందంటే మనుషులు మారిపోతారండీ. మోకాళ్ల నొప్పులని ఆటో దిగకుండా వచ్చిన మా పెద్దత్త దిగి గెంతుతుంది. మా నాయన సంగతి మరీ ఘోరం. వేరుశనగ బాగా పండిన ఏడు కూడా నవ్వని మనిషి, ఆ పాట వినగానే తువ్వాలు నడుముకు బిగించి భుజాలు ఎగరేస్తాడు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, ఆపైన భుజం. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతివాడికీ ఈ ఆట వచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది, దాన్ని నేను మర్చిపోబట్టే ఈ కథ పుట్టింది. ఆ పాట మోగిందంటే మగపెళ్లివారు గుమ్మంలోకి వచ్చినట్టు. లోపల ఆడపెళ్లివారు అది విన్నాకే పానకం బిందె, హారతి పళ్లెం పట్టుకుని ఎదుర్కోలుకు బయటికొస్తారు. ఎవరో పెట్టిన నియమం కాదు, శుభలేఖలో అచ్చు వేసేదీ కాదు. మస్తాన్ మామ నలభై ఏళ్లుగా వాయించగా వాయించగా అదే ఆచారమైపోయింది.

మరి ఆ పాట ఎక్కడిది? మామే చెప్పేవాడు. ఆయన పడుచుతనంలో కడపలో ఒక పెళ్లికి వాయించడానికి పోయాడట. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన టేప్ రికార్డరు తెచ్చి హోటలు బల్ల మీద పెట్టి ఈ పాట వేశాడట. మామ బతిమాలి మూడుసార్లు వేయించుకున్నాడు. నాలుగోసారి సగంలో ఉండగా మిషను టేపును నమిలేసింది. "ఆ సగం నా చెవిలో పడింది, మిగతా సగం నా కడుపులోనుంచి వచ్చింది" అనేవాడు మామ.

ఇక నా సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కల్లూరులో సౌండు బాక్సులు అద్దెకిచ్చే షాపులో పని. నా పేరు ఓబులేసు. ఆ పేరుతో డీజే ఏం బాగుంటుందని బాక్సుల మీద ‘డీజే ఓబీ’ అని ఎర్ర రంగుతో రాయించుకున్నాను. నల్ల కళ్లద్దాలు కూడా ఉండేవి, షాపులోపల కూడా తీసేవాణ్ని కాదు. రెండుసార్లు స్తంభానికి గుద్దుకున్నాను, అది వేరే కథ.

ఒకరోజు ఫోనులో పాత ఇంగ్లీషు పాటలు వెతుకుతుంటే ఒకటి మోగింది. నాకు ఒళ్లు జలదరించింది. అది మస్తాన్ పాట! అమెరికాలో ఎప్పుడో, గడ్డివాములంత జుట్టు పెంచుకుని బెల్‌బాటం ప్యాంట్లు వేసుకున్న కాలంలో, ఒక గుంపు పాడిన పాట. అక్కడ కూడా పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఇప్పటికీ దీనికి ముసలీ ముతకా లేచి ఆడతారట. ఆ వీడియోల్లో చూశాను. ఒక తెల్ల తాత అచ్చం మా నాయనలాగే భుజాలు ఎగరేస్తున్నాడు.

తెలివైనవాడైతే మురిసిపోయి ఊరుకునేవాడు. నేను డీజే ఓబీని కదా! అన్న పెళ్లిలో అందరికీ ‘ఒరిజినల్’ వినిపించి వాళ్ల కళ్లు తెరిపించాలనుకున్నాను.

పెళ్లి కల్లూరులోనే, పదింబావుకి ముహూర్తం. మండపం ఉన్న రోడ్డు మీద వరసగా మూడు మండపాలు, మూడింటిలోనూ అదే ముహూర్తానికి పెళ్లిళ్లు. మినీ లారీలో నా బాక్సులు ఎక్కించి, జనరేటరు తగిలించి, మెరవణికి ముందు నిలబెట్టాను. ఆఖరి మలుపు వచ్చింది. మామ ఆగి మూతి తుడుచుకున్నాడు. నేను పరుగెత్తాను.

"మామా, ఆగు. ఆ పాట నువ్వు వాయించొద్దు."

"ఏమప్పా, ఎవురన్నా చచ్చిపోయినారా?"

"అది కాదు. ఈరోజు ఒరిజినల్ వినిపిస్తాండా."

"ఒరిజినలా? మరి నలభై ఏండ్ల నుంచి నేను వాయిస్తాండేది ఏంది?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కళ్లద్దాలు పైకి తోసుకుని మరీ అన్నాను. "అది కాపీ మామా."

ఆయన ట్రంపెట్‌ను గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. రోడ్డు పక్క టీ అంగడి బెంచీ మీదికి పోయి కూర్చున్నాడు. ఆయన వెనకే డ్రమ్ములవాళ్లూ పోయారు. ఆ ముఖం తల్చుకుంటే నాకు ఈరోజుకీ సిగ్గేస్తుంది. ఆ పూట మాత్రం నాకేమీ అనిపించలేదు. లారీ ఎక్కి పాట వేశాను.

గిటారు తీగ లాగుతూ మొదలైంది. కిటికీ అద్దాలు అదిరాయి. జనం కదల్లేదు. మా నాయన తువ్వాలు చేతిలో పట్టుకుని తయారుగా నిలబడి, కాసేపు చూసి అడిగాడు.

"పాట ఎప్పుడు మొదలవుతాదిరా?"

"మొదలైంది నాయనా!"

"ఇది మైకు టెస్టింగు కాదా?"

"ఇదే మస్తాన్ పాట. అసలుది. బాగా విను."

పెద్దత్త ఒక కాలు ఎత్తింది. ఏ తాళానికి దించాలో తెలియక అలాగే కాసేపు నిలబడి, మెల్లిగా దించి, ఆటో ఎక్కి కూర్చుంది. సగం దాటాక పాట మాకు తెలియని దారి పట్టింది. ఎవరో ఒకాయన "ఈ పిల్లోనికి పాట కూడా తప్పు పోతాండాది" అన్నాడు.

సరే, ఆడకపోతే పోనీ. అసలు గండం వేరే ఉంది. మండపం గేటులోంచి ఒక్క మనిషీ బయటికి రాలేదు.

లోపల ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. పెళ్లికూతురి అవ్వ ఎల్లమ్మ, హారతి పళ్లెం ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. "నా మోకాళ్లు ఊరికే లేపను. మస్తాన్ పాట ఇనపడితేనే లేస్తా" అని చెప్పేసింది. మా వదిన తమ్ముడు మేడ ఎక్కి తొంగి చూశాడు. అంత ఎత్తు బాక్సుల వెనక పెళ్లికొడుకు కారు వాడికి కనబడలేదు. దిగివచ్చి, "మనోళ్లు కాదవ్వా. ఎవురో ఓబీ అంట, డీజే పెళ్లి. పక్క మండపానికి పోతాన్నారు" అన్నాడు. దాంతో అందరూ నిశ్చింతగా ఇంకో వాయి ఇడ్లీలకు కూర్చున్నారు.

బయట ఎండ మండిపోతోంది. నేను ఆ పాటనే మూడోసారి వేశాను. నాయన గేటు వైపే చూస్తున్నాడు. మెడ నరాలు కనబడటం మొదలైంది.

"పెండ్లికొడుకును ఎండలో నిలబెట్టి లోపల ఏం చేస్తాండారు వీళ్లు?"

"ఫోన్ చేద్దాం నాయనా" అన్నాను.

"మగపెండ్లోళ్లం, మేమొచ్చినాం రాండి అని ఫోన్ చేసి పిలిపించుకుంటామా? మర్యాద ఉండాలంటే వాళ్లే రావాల."

"పోనీ నేను లోపలికి పోయి చెప్తా."

"గేటు దాటినావంటే కాళ్లు ఇరగ్గొడతా!"

తొమ్మిదిన్నర అయింది. ముప్పావు అయింది. పది కావస్తుండగా నాయన కారు డ్రైవరు దగ్గరికి పోయి, "బండి తిప్పప్పా. మర్యాద తెలీని ఇంట్లో మాకు సంబంధం వద్దు" అన్నాడు. డ్రైవరు నిజంగానే వెనక్కి గేరు వేశాడు.

అప్పుడు మా అన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. నుదుటికి బాసికం, బుగ్గన చుక్క, కళ్లలో నీళ్లు. ఆ పిల్లను చేసుకోవడానికి వాడు రెండేళ్లు రెండు ఇళ్లలోనూ పెద్దల కాళ్లావేళ్లా పడ్డాడు.

"రేయ్ ఓబులేసూ! మస్తాన్ మామ యాడ?"

"టీ అంగట్లో ఉండాడు."

"పాట లేకుండా వాళ్లెట్ల వస్తార్రా గాడిదా?"

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు చూడండి! కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని టీ అంగడికి పరుగెత్తాను.

మామ నెమ్మదిగా టీ తాగుతున్నాడు. ఆయన ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను.

"మామా, తప్పైపోయింది. బిన్నా రా, తొందరగా. పెళ్లి ఆగిపోతాండాది."

"నేనొచ్చి ఏం చేయాల అబ్బయ్యా? నాది కాపీ గదా. ఒరిజినల్ వాయించుకోపో."

"ఒరిజినల్‌కు ఒక్క మనిషి రాల్యా మామా."

ఆయన మూతి చివర నవ్వులాంటిది కదిలింది. అయినా లేవలేదు. ఇంతలో మా అన్న కారు దిగి, పట్టు పంచె ఎగ్గట్టి వచ్చేశాడు. "మామా, మా నాయన పెండ్లికి నువ్వే వాయించినావు. నువ్వు వాయించకుంటే నాకు పెండ్లయినట్టే ఉండదు" అన్నాడు.

మామ గ్లాసు కింద పెట్టాడు. "నీ కోసం వాయిస్తా మద్దిలేటీ. అయితే వీడు ముందర ఆడాల. వీడు ఒక్కడే. గేటు దాకా."

అయ్యా, నేను డీజేని. డీజేలు ఆడించాలి గానీ ఆడకూడదని నా సిద్ధాంతం. అసలు నిజం చెప్పేస్తాను, నాకు ఆట రాదు. ఊరందరికీ వచ్చిన ఆ మూడడుగులు నాకు ఏనాడూ పడలేదు. అందుకే బాక్సుల వెనక దాక్కోవడం నేర్చుకున్నాను. ఆ సంగతి మామకు ముందే తెలుసు. ఆయన పక్కనే కదా నేను పెరిగింది!

లారీ పక్కకు తీశారు. మామ మూతి తుడుచుకున్నాడు. డ్రమ్ములవాళ్ల వైపు చూశాడు. బుగ్గలు పొంగాయి.

మొదటి ఊపుకే ఆటోలోంచి పెద్దత్త దూకింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను, ఒకటి ముందుకి వేశాను, భుజం బదులు తల ఎగరేశాను. పక్క మండపం జనం కూడా గోడెక్కి చూశారు. వీడియో తీసేవాడు పెళ్లికొడుకును వదిలేసి నా చుట్టూ తిరిగాడు. గేటు సగం దూరంలో ఉండగానే నా పంచె జారిందని కూడా చెప్పాలా? చెప్పను. వీడియోలో ఉంది.

పాట రెండో వరసలో ఉండగా గేటు భళ్లున తెరుచుకుంది. ఎల్లమ్మవ్వ హారతి పళ్లెంతో ముందు, వెనక పానకం బిందెతో ఆడవాళ్లు.

"ఇంతసేపు యాడికి పోయినారు నాయనా? పానకం ఎచ్చగయిపోయింది!" అంది అవ్వ.

"యాడికి పోతాం? గంట నుంచి ఈడనే ఉండాం!" అన్నాడు మా నాయన కోపంగా.

"మరి పాట ఏదీ?"

మా నాయన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే భుజాలు ఎగరడం మొదలైపోయింది. భుజాలు ఎగురుతుంటే మనిషికి కోపంగా మాట్లాడటం చేతకాదు. తువ్వాలు బిగించి ఆటలోకి దిగాడు. అవ్వ పళ్లెం కోడలి చేతిలో పెట్టి, ఊరికే లేపనన్న ఆ మోకాళ్లతోనే ఆయనకు ఎదురు ఆడింది. ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు మా అన్న పీటల మీద కూర్చున్నాడు.

భోజనాలయ్యాక మామ నన్ను పక్కకు పిలిచాడు. "ఏదీ అబ్బయ్యా, ఆ నీ ఒరిజినల్ ఒకసారి ఇనిపించు. బాక్సుల్లో వద్దు, ఫోన్లో" అన్నాడు. గొంతులో కోపం లేదు. నలభై ఏళ్ల కింద మిషను టేపు నమిలేశాక ఆయన ఆ పాటను మళ్లీ వినలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. పొద్దున టీ అంగడిలో చెవిన పడింది గానీ మనసుకెక్కలేదట.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మోకాలి మీద ట్రంపెట్ మీటలు నొక్కినట్టు కదులుతున్నాయి. సగం అయ్యేసరికి వేళ్లు ఆగాయి. చివరిదాకా విని, ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఎట్లుండాది మామా?"

"శానా బాగా వాయించినారప్పా. పాపం, సగం దాకానే వచ్చినట్టుండాది. ఆ పైన మర్చిపోయి ఏదో సర్దుకున్నారు."

ఇప్పుడు మామకు ఊపిరి చాలడం లేదు. మెరవణి అంతా కారులో వచ్చి, ఆఖరి మలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆ ఒక్క పాట వాయిస్తాడు. గేట్లు ఇప్పటికీ భళ్లున తెరుచుకుంటాయి. నేను లారీలో బాక్సులు ఆపేసి, కుర్చీ మోసుకుని ఆయన వెనక నడుస్తాను. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

కాబట్టి పానకం బిందె సాక్షిగా, పెద్దత్త మోకాళ్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా ‘ఒరిజినల్’ అన్న మాట నా నోట రాదు. ఆ అమెరికా వాళ్లు ఎప్పుడైనా కల్లూరు వైపు వస్తే మర్చిపోయిన సగం నేర్పిస్తానని మామ మాటిచ్చాడు. రమ్మనండి. అయితే ముందుగా వాళ్లు గేటు దాకా ఆడాలి, ఒక్కొక్కరే.