కళ్ళెదుట పెట్టని సంతకం

మొన్న నరసరావుపేటలో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉండగా లోపల ఎవరో కొత్త స్టాంపు ప్యాడు మూత తీశారు. ఆ ఊదారంగు సిరా ఘాటు ముక్కుకు తగలగానే, ఖాజా వకీలు గారు కళ్ళజోడు మీదుగా నన్ను ఎగాదిగా చూస్తున్నట్టే అనిపించింది. ఆయన కోర్టుకు దగ్గరలో నోటరీగా ఉండేవారు. మనిషిని నమ్మడం ఆయనకు చేతకాదని అందరూ చెప్పుకునేవారు. హోటలు నుంచి టీ వచ్చినా, "ఇప్పుడు కాచిందేనా, పొద్దుటిదా?" అని అడగందే గ్లాసు ముట్టుకునేవారు కాదు.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది పేరు గొడవతో. పదో తరగతి సర్టిఫికెట్‌లో పద్మావతి, ఆధార్‌లో పద్మ. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ తెమ్మన్నారు కాలేజీలో. టైపు చేసిన షాపతను అక్కడే నాతో సంతకం పెట్టించి, "సారు సీలేస్తాడు, అంతే" అని పంపాడు. వకీలు గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"నువ్వు పెడతంటే నేను చూశానా?"

కాగితం పక్కకు నెట్టి కొత్తది తెచ్చుకోమన్నారు. తెచ్చాక ఆధార్ ఫోటోనూ నా మొహాన్నీ మార్చి మార్చి చూశారు. ప్రమాణం చేయించారు. దొంగను పట్టుకున్నట్టు అందరి ముందూ అలా అడుగుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏడవబాక. ఇందులో రాసింది నిజమని నా సీలు చెప్పదమ్మాయ్. ఫలానా మనిషి నా ముందుకొచ్చి, ఒట్టేసి, సంతకం పెట్టిందని చెబుద్ది. అబద్ధం రాస్తే అది నీ మెడకే చుట్టుకుంటది" అన్నారు.

డిగ్రీ అయ్యాక ఆయన దగ్గరే టైపిస్టుగా చేరాను. అద్దె ఒప్పందాలు, చదువు మధ్యలో ఎందుకు ఆగిందో చెప్పే అఫిడవిట్లు, సర్టిఫికెట్ల నకళ్ళు వస్తూ ఉండేవి. అసలు సర్టిఫికెట్ చూపించకపోతే నకలు మీద చుక్క సిరా కూడా పడనిచ్చేవారు కాదు. "సంతకం పెట్టేవాడిని కాదు, పక్కన తొందరపడేవాడిని చూడు" అని నాకు చెప్పేవారు. మొదట్లో అది ముసలి చాదస్తం అనుకున్నాను. కొన్నాళ్ళకు నా కళ్ళు కూడా పక్కవాళ్ళ మీదికే పోవడం మొదలైంది.

అలాంటి రోజుల్లో మా అన్నయ్య అమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. మాచవరం దగ్గర మా పొలం అమ్మ పేరున ఉంది. కాగితం బయట టైపు చేయించుకుని వచ్చాడు. "పంట బీమా పని. సారుకు చెప్పి గబాగబా కానియ్యి" అన్నాడు. అమ్మకు చదువు రాదు, సంతకం మాత్రం వచ్చు. అన్నయ్య చెప్పాడు గదా అని నేను కాగితం చూడకుండానే సార్ బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఆ తర్వాత అన్నయ్యను బయటికి వెళ్ళమన్నారు. నేను నిలబడే ఉన్నాను.

"నువ్వు కూడా."

తలుపు వేసుకున్నారు. వరండాలో అన్నయ్య నావైపు చూడలేదు. చెప్పుల కాలితో నేలను రాస్తూ నిలబడ్డాడు. అప్పుడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

తలుపు తెరిచేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అది బీమా కాగితం కాదు. పొలం అమ్ముకోవడానికి అన్నయ్యకు పూర్తి అధికారం ఇస్తూ రాసిన పత్రం.

"ఇట్టాంటిది రిజిస్ట్రార్ ఆఫీసులో చెయ్యాల. నా దగ్గరికెందుకు తెచ్చావు? అక్కడైతే మీ అమ్మను అన్నీ అడుగుతారనేగా?" అన్నారు సార్. అన్నయ్య నావైపు తిరిగి, "సొంత చెల్లెలివని వస్తే ఇదా నువ్వు చేసేది?" అని కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాను.

"నన్ను కూడా అనుమానించారా సార్?"

"వాడికి చెల్లెలివి, ఆమెకు కూతురివి. నిన్ను అనుమానించకపోతే ఇంక నాకు ఈ సీలెందుకు?"

చాలా రోజులు ఆ మాట నాలో ముల్లులా గుచ్చుకుంది. అన్నయ్య మా గడప తొక్కడం మానేశాడు. మరుసటి ఏడాది కోటప్పకొండ తిరునాళ్ళు అయిపోయాక, అమ్మే అతనికి కబురు పెట్టింది. రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి, ప్రతి పేజీ చదివించుకుని, సగం పొలం అన్నయ్య పేరున రాసింది. "అడిగితే ఇయ్యకపోదునా ఒరేయ్?" అని అక్కడే అందరి ముందూ అన్నది. అన్నయ్య తల దించుకున్నాడు.

వకీలు గారు ఇప్పుడు లేరు. నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను. ఎవరు ఏ కాగితం ఇచ్చినా చివరి పేజీ దాకా చదవందే పెన్ను తీయను. నాకు అనుమానం జాస్తి అని పిల్లలు నవ్వుతారు.

ఈమధ్య అమ్మ పింఛను ఆగిపోతే అర్జీ రాసి సంతకానికి తీసుకెళ్ళాను. అమ్మ పెన్ను అందుకోలేదు. పక్కింటి టీచరమ్మను పిలిచి, "ఇందులో ఏందో చదువమ్మా" అని కాగితం ఆమె చేతిలో పెట్టింది. ఆమె చదవడం పూర్తయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చున్నాను.